ఒకే అధ్యాపకుడికి మూడు జీతాలు

సంపాదకులు గారికి,

నమస్కారాలు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల మీద తెలంగాణ ప్రభుత్వానికీ ప్రైవేటు కళాశాలల యాజమాన్యాలకూ నడుస్తున్న పంచాయితీ గురించి మీ పత్రికలో వార్తలు వస్తూనే ఉన్నాయి. 2025లో ఆ బకాయిల కోసమే యాజమాన్యాలు కళాశాలలు మూసివేసి ఆందోళనకు దిగాయి. చర్చలు జరిగాయి, కొంత సొమ్ము విడుదలకు హామీ దొరికింది, గేట్లు తెరుచుకున్నాయి. ఎన్ని కోట్లు రావాలి, ఎన్ని విడతల్లో ఇస్తారు అన్న దాని మీద జరిగినంత చర్చలో నాలుగో వంతు కూడా, ఆ సొమ్ము కళాశాల ఖాతాలో పడిన తరువాత ఎటు పోతున్నది, అందులో పాఠం చెప్పేవారికి దక్కేది ఎంత, సంస్థను నడిపేవారు తీసుకునేది ఎంత అన్న దాని మీద జరగలేదు. హనుమకొండలో ఒక ప్రైవేటు కళాశాలలో ఇరవై ఆరేళ్లు కామర్స్ చెప్పిన వాడిగా నాకు తెలిసిన నాలుగు మాటలు మీ పాఠకుల ముందు పెట్టడానికి ఈ లేఖ రాస్తున్నాను. ఆ కళాశాల పేరు రాయను; ఎందుకంటే పేరు రాస్తే అది ఆ ఒక్కరి తప్పుగా మిగిలిపోతుంది.

మా కళాశాలలో డిగ్రీతో పాటు ఎంబీఏ, ఎంసీఏ కోర్సులు ఉండేవి. నెల మొదటి పది రోజుల్లో ఏదో ఒక సాయంత్రం, ఆఖరి పీరియడ్ అయ్యాక, అకౌంట్స్ గదిలోకి ఒక్కొక్కరినీ పిలిచేవారు. బల్ల మీద అక్విటెన్స్ రిజిస్టరు, అంటే జీతం ముట్టినట్టు సంతకం పెట్టే పుస్తకం, తెరిచి ఉండేది. నా పేరుకు ఎదురుగా రూపాయి రెవెన్యూ స్టాంపు అప్పటికే అంటించి, సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి ఉంచేవారు. సంతకం పెట్టాక డ్రాయరులోంచి ఒక కవరు తీసి ఇచ్చేవారు. రిజిస్టరులోని అంకెకూ కవరులోని నోట్లకూ పొంతన ఉండేది కాదు. ఉదయం పూట డెబిట్, క్రెడిట్ సమానంగా ఉండాలని పిల్లలకు పాఠం చెప్పి, సాయంత్రం ఆ స్టాంపు మీద సంతకం పెట్టి ఇంటికి వెళ్లడం నాకు అలవాటైపోయింది. ఆ అలవాటుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను గానీ, అప్పుడు ఇద్దరు పిల్లల చదువు నడుస్తుండేది.

నోట్ల రద్దు తరువాత జీతాలు బ్యాంకులో వేయడం మొదలుపెట్టారు. ఇక దాపరికం సాగదని మాలో కొందరు సంబరపడ్డారు. నెల తిరగకుండానే అందరి ఏటీఎం కార్డులూ అకౌంట్స్ విభాగానికి అప్పగించాలని మౌఖికంగా ఆదేశం వచ్చింది. ఒక్కో కార్డు వెనక తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి, దాని మీద పిన్ నంబరు రాసి, అన్నీ కలిపి ఒక ఖాకీ కవరులో పెట్టేవారు. జీతం పడిన రోజు అటెండరు ఆ కవరు పట్టుకుని, ఒకే ఏటీఎం దగ్గర ఎక్కువసేపు నిలబడితే అనుమానం వస్తుందని, సుబేదారి నుంచి నక్కలగుట్ట దాకా నాలుగైదు చోట్ల తిరిగి డబ్బు తీసేవాడు. నా కార్డు గడువు ముగిసిందన్న సంగతి నాకు బ్యాంకు చెప్పలేదు, అటెండరే చెప్పాడు: 'సార్, మీ కార్డు అయిపోయింది, కొత్తది తెప్పియ్యుండ్రి.' ఖాతాలో రూ.34,000 పడితే నా చేతికి వచ్చింది రూ.16,000. మిగిలినది నేను స్వచ్ఛందంగా తిరిగి ఇచ్చినట్టు ఏ కాగితమూ లేదు. నేను తీసుకోలేదని చెప్పడానికీ ఏ కాగితమూ లేదు.

ఇది యాజమాన్యానికీ ఉద్యోగికీ మధ్య ఉన్న ఇంటి వ్యవహారం అని చాలామంది అనుకుంటారు. కాదు. వృత్తివిద్యా కోర్సుల ఫీజును రాష్ట్రంలో ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ మూడేళ్ల బ్లాకు కాలానికి సిఫారసు చేస్తుంది. కళాశాల సమర్పించిన ఆడిట్ అయిన ఆదాయ వ్యయాల లెక్కలే దానికి ఆధారం. ఆ వ్యయంలో పెద్ద పద్దు సిబ్బంది జీతాలు. అంటే రిజిస్టరులో నా పేరున పెరిగిన ప్రతి రూపాయీ కళాశాల ఖర్చుగా కమిటీ ముందుకు వెళ్తుంది, ఆ ఖర్చు ఫీజుగా మారుతుంది, ఆ ఫీజులో పెద్ద భాగాన్ని ప్రభుత్వం రీయింబర్స్‌మెంట్ రూపంలో ఖజానా నుంచి చెల్లిస్తుంది, మిగిలినది పరకాల నుంచో ఏటూరునాగారం నుంచో వచ్చిన పిల్లవాడి తండ్రి పత్తి అమ్మిన డబ్బులోంచి కడతాడు. నాకు ఇవ్వని పద్దెనిమిది వేలను నాకు ఇచ్చినట్టు చూపించి, వాటినే మళ్లీ ప్రభుత్వం దగ్గరా విద్యార్థి దగ్గరా వసూలు చేయడం ఇది. అధ్యాపకుడి జీతంలో కోత, ప్రజాధనంలో లోటు, విద్యార్థి ఫీజులో పెంపు అనే మూడు సమస్యలుగా మనం చూస్తున్నది నిజానికి ఒకే పద్దులోని ఒకే తప్పుడు అంకె.

2022-25 బ్లాకు ముగిశాక ఇంజినీరింగ్ ఫీజులను భారీగా పెంచాలని యాజమాన్యాలు ప్రతిపాదించడం, 2025-26కు పాత ఫీజులే కొనసాగుతాయని 2025 జూన్ ఆఖరులో ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వడం, వివాదం హైకోర్టు దాకా వెళ్లడం మనందరం చూశాం. అంత రభస జరిగినా, కాగితం మీది జీతాలు నిజంగా చేతికి అందుతున్నాయా అని తరగతి గదిలో ఉన్న వారిని పిలిచి అడిగినట్టు నేను ఎక్కడా చదవలేదు.

ఇందులో మరీ విచిత్రం ఏమిటంటే, దీన్ని పట్టుకోవడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. ఒకే అధ్యాపకుడికి మూడు జీతాలు మూడు కార్యాలయాల్లో నమోదై ఉంటాయి. ఫీజుల కమిటీకి ఇచ్చిన లెక్కల్లో ఒకటి. భవిష్యనిధి సంస్థకు నెలనెలా పంపే చలానాలో మరొకటి. ఆదాయపు పన్ను శాఖకు జీతాల మీద సమర్పించే త్రైమాసిక వివరాల్లో ఇంకొకటి. కమిటీ దగ్గర జీతం ఎంత పెద్దదైతే అంత లాభం కాబట్టి అక్కడ అది ఉబ్బి ఉంటుంది. భవిష్యనిధి దగ్గర యాజమాన్యం వాటా 12 శాతం కట్టాలి కాబట్టి అక్కడ అది చిక్కిపోయి ఉంటుంది. భవిష్యనిధికి రూ.15,000 వేతన పరిమితి ఉన్నది కదా, అంతకు మించి చూపనక్కరలేదు కదా అని ఏ అకౌంటెంటయినా అనవచ్చు. నిజమే. కానీ కమిటీ దగ్గర నలభై వేలు చూపిన మనిషికి భవిష్యనిధి చలానాలో తొమ్మిది వేలు చూపితే దానికి ఆ పరిమితి సమాధానం కాదు. అసలు చాలామంది పేర్లు ఆ చలానాలో కనిపించనే కనిపించవు. అదే పేర్లు తనిఖీ బృందం వచ్చిన రోజు హాజరుపట్టీలో ఉంటాయి. నన్నే ఆ రోజుల్లో ఎంబీఏ విభాగంలో ఒక కొత్త కుర్చీలో కూర్చోబెట్టేవారు. బృందం కారెక్కగానే నా కుర్చీ నాకు తిరిగి వచ్చేది.

ఇక పై మెట్టు సంగతి. కింది వారి జీతం గురించి ఇంత చెప్పాను గనుక, పైవారి జీతం గురించి నాకు తెలిసింది చాలా తక్కువ అని కూడా చెప్పాలి. అసలు ఆక్షేపణ అదే. ప్రభుత్వ రంగంలో ఎవరి జీతం ఎంతో అందరికీ తెలుసు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం రూ.57,700 దగ్గర మొదలవుతుంది, ప్రొఫెసరుది రూ.1,44,200 దగ్గర మొదలవుతుంది, వైస్ ఛాన్సలరుది రూ.2,10,000. ఎంత ఎక్కువో, ఎంత తక్కువో ఎవరైనా వాదించుకోవచ్చు, అంకె ముందు ఉన్నది కాబట్టి. ప్రైవేటు కళాశాలలో చైర్మన్, కార్యదర్శి, వారి కుటుంబంలో ఒకరు డైరెక్టరు, ఇంకొకరు అకడమిక్ సలహాదారు, ఇలా ఉన్నప్పుడు గౌరవవేతనంగా ఎంత, కారు నిర్వహణ కింద ఎంత, కళాశాలను నడిపే సొసైటీకి తమ భవనమే తాము అద్దెకు ఇచ్చినందుకు ఎంత అన్నది సిబ్బందికి గానీ విద్యార్థులకు గానీ తెలిసే దారి లేదు. ధర్మసంస్థగా పన్ను మినహాయింపు పొందే సొసైటీ, తన నిర్వాహకులకో వారి బంధువులకో సమంజసం కాని చెల్లింపులు చేస్తే ఆ మేరకు మినహాయింపు పోతుందని ఆదాయపు పన్ను చట్టం చెబుతుంది. ఏది సమంజసమో తేలాలంటే ముందు అది బయటికి రావాలి.

టీఎంఏ పాయ్ ఫౌండేషన్ కేసులో 2002లో సుప్రీంకోర్టు పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం, ఆ తరువాత 2005లో ఇనాందార్ కేసు తీర్పు, ప్రైవేటు సంస్థలకు తమ ఫీజు తాము నిర్ణయించుకునే స్వేచ్ఛ ఇస్తూనే, విస్తరణ కోసం కొంత మిగులు ఉండవచ్చు గానీ లాభార్జన, క్యాపిటేషన్ (సీటు కోసం ఫీజుకు మించి తీసుకునే డొనేషన్) పనికిరావని గట్టిగా చెప్పాయి. మిగులు సంస్థలో ఉండాలి. జీతం పేరిట సంస్థలోంచి బయటికి వెళ్లే మిగులును లాభం అనక ఏమంటారో నా కామర్స్ పుస్తకాల్లో అయితే లేదు.

ప్రభుత్వ సొమ్ము అంతగా తీసుకునే సంస్థల పుస్తకాలను ప్రభుత్వం ఎందుకు చూడదు అంటే, రీయింబర్స్‌మెంట్ కళాశాలకు ఇచ్చే గ్రాంటు కాదు, విద్యార్థికి ఇచ్చే ఉపకారవేతనం, అది విద్యార్థి ద్వారా మాకు ఫీజుగా వచ్చింది అన్నది యాజమాన్యాల వాదన. ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) అధికారాలకు సంబంధించిన 1971 చట్టంలో, రూ.25 లక్షలకు తగ్గకుండా, మొత్తం వ్యయంలో 75 శాతానికి తగ్గకుండా ప్రభుత్వ గ్రాంటు లేదా రుణం పొందే సంస్థ లెక్కలను తనిఖీ చేసే వీలున్నది. గ్రాంటు అన్న పేరు తప్పించుకుంటే ఆ తలుపు మూసుకున్నట్టే. అయితే డీఏవీ కళాశాల ట్రస్టు కేసులో 2019 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, ప్రభుత్వం నుంచి నేరుగానైనా పరోక్షంగానైనా గణనీయంగా నిధులు పొందే సంస్థలు సమాచార హక్కు చట్టం పరిధిలోకి వస్తాయని చెప్పింది. పరోక్షంగా అన్న ఆ ఒక్క మాట మన కళాశాలలకు ఎంతవరకు వర్తిస్తుందో ఉన్నత విద్యామండలి న్యాయ సలహా తీసుకుని ప్రకటిస్తే, దరఖాస్తు పట్టుకుని తిరిగే వారికి ఒక దారి దొరుకుతుంది.

అధ్యాపకులే ఫిర్యాదు చేయవచ్చు కదా అంటారు. ఎవరికి చేయాలి? ఉపాధ్యాయుడు అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద 'వర్క్‌మన్' (కార్మికుడు) కాడని సుప్రీంకోర్టు 1988లోనే సుందరంబాళ్ కేసులో తేల్చింది. కాబట్టి కార్మిక శాఖ మాది కాదంటుంది, విశ్వవిద్యాలయం అనుబంధం వరకే తమ పని అంటుంది, ఉన్నత విద్యాశాఖ విశ్వవిద్యాలయం వైపు చూపుతుంది. పైగా ఒరిజినల్ సర్టిఫికెట్లు కళాశాల బీరువాలో ఉంటాయి. అలా ఉంచుకోరాదని నిబంధనలు చెప్పినా, ఎంఫిల్, పీహెచ్‌డీ చేసిన మనిషి ఆ బీరువా తాళం కోసం జూన్ నెలంతా ప్రిన్సిపల్ గది ముందు నిలబడటం నేను చూశాను. మే, జూన్ జీతం ఉండదు కదా, వేరే చోట చేరదామంటే సర్టిఫికెట్లు కావాలి. సర్టిఫికెట్లు కావాలంటే మళ్లీ ఏడాది ఉంటానని రాసివ్వాలి. కరోనా కాలంలో ప్రభుత్వం 2021లో ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులకు నెలకు రూ.2,000, 25 కిలోల బియ్యం ఇచ్చింది. కళాశాలల వారికి అదీ లేని ఆ సమయంలో మా సహోద్యోగి ఒకాయన, ఆర్థికశాస్త్రం చెప్పినవాడు, నయీంనగర్‌లో తన పాత విద్యార్థి కిరాణా దుకాణంలో లెక్కలు రాశాడు.

నా సొంత సంగతి ఒకటి చెప్పి ఈ భాగం ముగిస్తాను. 2020లో కళాశాల నుంచి బయటికి వచ్చినప్పుడు గ్రాట్యుటీ, అంటే చేసిన సర్వీసును బట్టి చివర ఇవ్వాల్సిన మొత్తం, అడిగాను. అది ఫ్యాక్టరీల వాళ్లకు కదా సార్ అన్నారు. 2009 సవరణతో ఉపాధ్యాయులు కూడా 1997 ఏప్రిల్ 3 నుంచి గ్రాట్యుటీ చట్టం కిందికి వచ్చారని చూపించాను. ఆ సవరణను సుప్రీంకోర్టు 2022 ఆగస్టులో సమర్థించాక మళ్లీ వెళ్లాను. ఏడాదికి పదిహేను రోజుల జీతం, నెలను ఇరవై ఆరు రోజులుగా లెక్కిస్తారు. నా సర్వీసు కూడా సరిగ్గా ఇరవై ఆరేళ్లు కావడంతో లెక్క నోటితో చెప్పేయవచ్చు, పదిహేను నెలల జీతం. రిజిస్టరులోని రూ.34,000 మీద అయితే రూ.5,10,000. చేతికి వచ్చిన రూ.16,000 మీద అయితే రూ.2,40,000. ఇన్నేళ్లు నేను ముప్పై నాలుగు వేల ఉద్యోగినని ప్రభుత్వానికి చెప్పిన యాజమాన్యం, ఆ ఒక్క రోజు మాత్రం నేను పదహారు వేల ఉద్యోగినేనని నిజం ఒప్పుకున్నది.

యాజమాన్యాల వైపు న్యాయం ఏమీ లేదని నేను అనడం లేదు. రీయింబర్స్‌మెంట్ ఏళ్ల తరబడి రాకపోతే, ప్రవేశ పరీక్షలో పది వేల ర్యాంకు దాటిన బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనుకబడిన) ఇంజినీరింగ్ విద్యార్థికి ఇచ్చే మొత్తం రూ.35,000 దగ్గరే నిలిచిపోతే, నిజాయతీగా నడిపే చిన్న కళాశాల కూడా జీతాలు ఆపక తప్పని స్థితి వస్తుంది. నర్సంపేట, మహబూబాబాద్ వంటి చోట్ల అప్పు తెచ్చి జీతం ఇచ్చిన కార్యదర్శులు నాకు తెలుసు. సమయానికి డబ్బు ఇవ్వని ప్రభుత్వానికి లెక్క అడిగే నైతిక బలం సగం పోతుంది. అడగకపోవడానికి అసలు కారణం అదేనేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది.

పైగా ప్రభుత్వం తన ఇంట్లో కూడా చూసుకోవాలి. ఒప్పంద అధ్యాపకులు మొత్తం పోస్టుల్లో 10 శాతం మించరాదని, వారికిచ్చే మొత్తం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ నెల జీతానికి తగ్గరాదని అదే 2018 యూజీసీ నిబంధనల్లో ఉన్నది. గెస్ట్ ఫ్యాకల్టీకి పీరియడుకు రూ.1,500, నెలకు రూ.50,000 దాకా ఇవ్వవచ్చని యూజీసీ 2019లో చెప్పింది. 1976లో ఏర్పడిన మన కాకతీయ విశ్వవిద్యాలయంలో ఒప్పంద, పార్ట్‌టైమ్ అధ్యాపకుల మీద ఎన్ని విభాగాలు నడుస్తున్నాయో క్యాంపస్‌లో ఒక పూట తిరిగితే తెలుస్తుంది. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని 2016లో జగ్‌జీత్ సింగ్ కేసులో చెప్పిన సుప్రీంకోర్టే, 2025 ఆగస్టులో గుజరాత్ ఒప్పంద అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులో, నెలకు రూ.30,000తో సరిపెడుతున్న వారికి స్కేలు కనీస వేతనం ఇవ్వాలని ఆదేశిస్తూ, సభల్లో గురుబ్రహ్మ గురువిష్ణు అని చదివితే చాలదని ఆక్షేపించింది. ఆ తీర్పు గుజరాత్ ప్రభుత్వానికే కదా అని మన అధికారులు అనుకోకూడదు.

ఇతర దేశాల్లో ఏం చేస్తున్నారన్నది ఒక వాక్యంలో చెప్పవచ్చు. స్కాట్లాండులో 2023 జులై నుంచి ప్రభుత్వ గ్రాంటు తీసుకునే సంస్థ తన ఉద్యోగులకు జీవన వేతనం ఇవ్వాలి, వారి మాట వినే ఏర్పాటు చూపాలి అన్నది నిధులకు షరతు. అక్కడి కళాశాలలు తమ ప్రిన్సిపల్‌కు ఎంత ఇస్తున్నదీ వార్షిక లెక్కల్లో ప్రకటిస్తాయి. వారి పరిస్థితులు వేరు, వారి ఖజానా వేరు. కానీ డబ్బు ఇచ్చేటప్పుడే షరతు పెట్టాలి, ఇచ్చాక కాదు అన్న పద్ధతికి ఖజానా పెద్దదై ఉండనక్కరలేదు.

కాబట్టి తరువాతి విడత రీయింబర్స్‌మెంట్ విడుదల ఉత్తర్వులోనే, బకాయి మొత్తం ఒక కచ్చితమైన గడువులోగా చెల్లిస్తామని ప్రభుత్వం రాయాలి. అదే ఉత్తర్వులో, కమిటీకి చూపిన జీతాల పట్టిక, భవిష్యనిధి చలానా, పన్ను వివరాలు ఈ మూడూ అధ్యాపకుల వారీగా ఒకే అంకె చూపితేనే విడత విడుదలవుతుందని కూడా రాయాలి. నిర్వాహకులకూ వారి బంధువులకూ సంస్థ చెల్లించే ప్రతి పద్దు, అద్దెలతో సహా, కమిటీ వెబ్‌సైటులో ఫీజు పక్కనే కనిపించాలి. ఏటీఎం కార్డులు, సర్టిఫికెట్ల విషయంలో, తనిఖీకి వచ్చినవారు ప్రిన్సిపల్ గదిలో టీ తాగడానికి ముందు అకౌంట్స్ గది డ్రాయరు తెరిపిస్తే చాలు. ఫిర్యాదు చేసిన అధ్యాపకుడి పేరు యాజమాన్యానికి చేరకుండా కమిటీకే నేరుగా రాసే వీలు ఉండాలి. ఇది లేకపోతే మిగిలినవన్నీ ఉన్నా ఎవరూ నోరు విప్పరు, నేనూ విప్పలేదు.

ఈ పోలిక చేయడానికి సిబ్బంది లేరని అధికారులు అంటే ఒక మాట. నాలాంటి విశ్రాంత కామర్స్ అధ్యాపకులు హనుమకొండ, కాజీపేటల్లో చాలామందే ఉన్నారు, పగలంతా ఖాళీగానే ఉంటాము. ఏదో ఒక కళాశాల కాగితాలు మూడూ ముందు పెడితే, మధ్యాహ్న భోజనానికి ముందే తేడా ఎంతో రాసిస్తాము. దానికి గౌరవవేతనం కూడా అక్కరలేదు.

భవదీయుడు,
విశ్రాంత కామర్స్ అధ్యాపకుడు,
హనుమకొండ